వెయ్యి రూపాయల ఖర్చుకు అడ్డు చెప్పిన ఒకే ఒక్కడు: పూణే మున్సిపాలిటీలో జ్యోతిరావు ఫూలే

జ్యోతిరావు ఫూలే పేరు తెలుగువారికి కొత్త కాదు. హైదరాబాద్‌లోని ప్రజాభవన్‌కు ఆయన పేరు పెట్టారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వెనుకబడిన తరగతుల గురుకులాలు ఆయన పేరు మీదే నడుస్తున్నాయి. ఏటా ఏప్రిల్ 11న అన్ని పార్టీల నాయకులూ ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు. ఆడపిల్లలకు బడి పెట్టిన మనిషిగా, గులాంగిరీ రాసిన రచయితగా, సత్యశోధక్ సమాజ్ స్థాపకుడిగా ఆయన గురించి చాలామంది చదివే ఉంటారు.

ఆయన జీవితంలో అంతగా చర్చకు రాని అధ్యాయం ఇంకొకటి ఉంది. 1876 నుంచి 1882 వరకు ఆయన పూణే మున్సిపాలిటీ సభ్యుడు. ఊరి పన్నుల డబ్బు ఎటు పోతోందో దగ్గర నుంచి చూశారు, అభ్యంతరాలు చెప్పారు, చాలాసార్లు ఓడిపోయారు. కుల వ్యవస్థపై ఆయన రాసిన రాతలకూ కౌన్సిల్‌లో ఆయన అడిగిన లెక్కలకూ మధ్య సంబంధం ఉంది. ప్రజల సొమ్ము ఎవరి దగ్గర వసూలవుతోంది, ఎవరి మీద ఖర్చవుతోంది అన్న ప్రశ్న ఆయన జీవితమంతటా కనిపిస్తుంది.

పూల అంగడి నుంచి మిషన్ బడికి

ఫూలే 1827 ఏప్రిల్ 11న మాలీ కులంలో పుట్టారు. వారి పూర్వీకులది సాతారా ప్రాంతంలోని కట్‌గుణ్ గ్రామం. అసలు ఇంటిపేరు గోర్హే. తాత తరంలో కుటుంబం పూణే చేరింది. పీష్వా దర్బారుకు పూలు, పూలదండలు సరఫరా చేయడంతో ఫూలే అన్న పేరు స్థిరపడింది. ఏడాది నిండకముందే తల్లి చిమణాబాయి చనిపోయారు. బంధువు సగుణాబాయి ఆయన్ను పెంచారు. తండ్రి గోవిందరావు కూరగాయలు, పూలు అమ్మేవారు. పొలం, తోటపని, అంగడి మధ్య ఆ పిల్లవాడు పెరిగాడు.

కొంత చదివాక చదువు ఆగిపోయింది. మాలీ పిల్లవాడికి చదువెందుకని చుట్టుపక్కల వాళ్లు తండ్రికి నూరిపోశారు. పొరుగున ఉన్న గఫార్ బేగ్ మున్షీ, లిజిట్ అనే క్రైస్తవుడు నచ్చజెప్పిన మీదట 1841లో స్కాటిష్ మిషన్ బడిలో మళ్లీ చేర్చారు. 1847 నాటికి అక్కడ చదువు పూర్తయింది. మరుసటి ఏడాది ఒక బ్రాహ్మణ మిత్రుడి పెళ్లి ఊరేగింపులో నడుస్తుంటే, శూద్రుడు మాతో సమానంగా నడవడమేమిటని అవమానించి పంపేశారు. ఆ ఏడాదే పూణేలోని భిడే వాడాలో ఆయన ఆడపిల్లల బడి ప్రారంభించారు. భార్య సావిత్రీబాయి అందులో పాఠాలు చెప్పారు. బంధువుల ఒత్తిడికి లొంగి తండ్రి ఇద్దరినీ ఇంటి నుంచి పంపేస్తే ఉస్మాన్ షేక్ అనే మిత్రుడు ఆశ్రయమిచ్చారు. ఆ ఇంటి ఫాతిమా షేక్ కూడా సావిత్రీబాయికి బోధనలో తోడయ్యారు.

ఖజానా ఎవరిది?

ఫూలే ఆలోచనల్లో డబ్బు లెక్కలు ఎలా వచ్చి చేరాయో తెలియాలంటే దక్షిణ నిధి వివాదం చూడాలి. పీష్వాలు ఏటా బ్రాహ్మణ పండితులకు పెద్దమొత్తంలో దక్షిణ పంచేవారు. 1818లో పీష్వా రాజ్యం పోయినా, కొత్త పాలకులు ఆ ఆనవాయితీని పూర్తిగా తెంచకుండా తగ్గించిన రూపంలో కొనసాగించారు. అంటే రైతులు కట్టే శిస్తులో కొంత భాగం ఒకే కులానికి కానుకగా వెళ్లేది. 1849లో పూణేకు చెందిన కొందరు సంస్కరణవాదులు, అందులో బ్రాహ్మణ యువకులు కూడా, ఆ నిధిలో కొంత భాగాన్ని మరాఠీ పుస్తకాల రచనకు బహుమతులుగా ఇవ్వాలని అర్జీ పెట్టారు. సనాతనులు మండిపడ్డారు. అర్జీదారులపై దాడి జరగవచ్చన్న భయం ఉన్నప్పుడు ఫూలే తన మనుషులతో వచ్చి వారికి రక్షణగా నిలబడ్డారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు.

ఆ తర్వాత దక్షిణ నిధి నుంచే ఆయన బడులకూ కొంత సాయం అందింది. ఒక కులానికి పంచిపెట్టే సొమ్ము ఆడపిల్లల చదువుకు వెళ్లగలదని ఆయన స్వయంగా చూశారు. 1852 నవంబరులో ప్రభుత్వం విశ్రాంబాగ్ వాడాలో ఆయన్ను సత్కరించింది. సత్కారం ఒకెత్తు, బడులు నడవడానికి కావలసిన సొమ్ము ఒకెత్తు. చందాలు తగ్గినప్పుడల్లా బడులు ఇబ్బందుల్లో పడేవి. దాతల దయ మీద నడిచే బడి ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న ఆయనకు అనుభవం నుంచి వచ్చింది. ప్రాథమిక విద్య బాధ్యత ప్రభుత్వానిదేనని తర్వాత ఆయన అంత గట్టిగా వాదించడానికి ఇది ఒక కారణం.

నీళ్ల విషయంలోనూ అంతే. పీష్వాల కాలంలో కాత్రజ్ చెరువు నుంచి కాలువ తవ్వించి ఊరి హౌదుల్లోకి నీళ్లు తెచ్చారు. నీళ్లు ఊరికి వచ్చాయి గానీ మహార్, మాంగ్ కులాలవారికి వాటిని తాకే హక్కు లేదు. 1868లో ఫూలే తన ఇంటి నీళ్ల తొట్టిని వారికి తెరిచారు. ఆయన కులంవాళ్లే నొచ్చుకున్నారు. ఊరి సొమ్ముతో కట్టిన తొట్టి దగ్గరికి రానివ్వనివారికి సొంత ఇంటి తొట్టి ఇవ్వడం తాత్కాలిక ఉపశమనమే. అసలు సమస్య ఊరి తొట్టి దగ్గరే ఉందని ఆయనకు తెలుసు.

కాంట్రాక్టరు చూసిన లోకం

ఫూలే సంఘ సేవ మీద బతకలేదు. ఆయన వ్యాపారి, రైతు, కాంట్రాక్టరు. లోహపు పోతపనికి కావలసిన సామగ్రి అమ్మారు. ఖడక్‌వాస్లా ఆనకట్ట వంటి ప్రభుత్వ నిర్మాణాలకు రాయి, సున్నం వంటి సామగ్రి సరఫరా చేశారు. ఈ పనుల్లో ఆయన రెండు విషయాలు దగ్గరగా చూశారు. ఒకటి, రాళ్లు కొట్టి మట్టి మోసే కూలీల బతుకు. రెండు, పబ్లిక్ వర్క్స్ శాఖలో ఇంజనీర్ల కింద పనిచేసే గుమస్తాలు బిల్లుల్లో, కొలతల్లో చేసే చేతివాటం. ఆ అవినీతి గురించి ఆయన రచనల్లో చాలా చోట్ల రాశారు. కాగితం మీద మంజూరైన రూపాయి పని దగ్గరికి చేరేసరికి ఎంత మిగులుతుందో తెలిసిన మనిషి మున్సిపల్ కౌన్సిల్‌లోకి వెళ్లాడన్నది గుర్తుంచుకోవాలి.

ఈ కాంట్రాక్టు ప్రపంచంలోనే ఆయనకు తెలుగువారితో గట్టి అనుబంధం ఏర్పడింది. అప్పట్లో బొంబాయి నిర్మాణ పనుల్లో తెలుగు కూలీలు, మేస్త్రీలు, కాంట్రాక్టర్లు పెద్దసంఖ్యలో ఉండేవారు. కామాటిపుర అన్న పేరు వారి వల్ల వచ్చిందే. 1873 సెప్టెంబరు 24న ఫూలే సత్యశోధక్ సమాజ్ స్థాపించినప్పుడు బొంబాయిలో దానికి అండగా నిలిచినవారిలో వెంకు బాలాజీ కాలేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగ్‌రావు సాయిబు వడ్నాల, జాయా కరాడీ లింగు వంటి తెలుగువాళ్లు ముఖ్యులు. సమాజ్‌కు సొంత అచ్చు యంత్రం సమకూర్చడంలోనూ వీరి చెయ్యి ఉంది. మరాఠీ నేల మీద పుట్టిన ఆ ఉద్యమంలో తెలుగు చెమట, తెలుగు చందా కూడా కలిశాయి.

కరువు రోజుల్లో కౌన్సిల్ సభ్యుడు

1876లో ఫూలేను పూణే మున్సిపాలిటీ సభ్యుడిగా నామినేట్ చేశారు. అప్పటికి అక్కడ ఎన్నికలు లేవు. సభ్యులను ప్రభుత్వమే ఎంచుకునేది, పెత్తనం అధికారులదే. సభ్యుల్లో పట్టణ ప్రముఖులు, పెద్ద వ్యాపారులు, పింఛనుదారులు ఉండేవారు. ఫూలే సభ్యుడయ్యారంటే నగరంలో ఆయనకున్న పలుకుబడి, కాంట్రాక్టరుగా ఆయన హోదా కారణం కావచ్చు. నామినేట్ అయినవాడు నామినేట్ చేసినవారికి తలూపుతాడన్నది అప్పటి లెక్క.

మున్సిపాలిటీకి వచ్చే ఆదాయంలో ప్రధానమైనది ఆక్ట్రాయ్, అంటే ఊళ్లోకి వచ్చే సరుకుల మీద వేసే సుంకం. ధాన్యం, నెయ్యి, కట్టెలు, కూరగాయలు ఏవి వచ్చినా నాకా దగ్గర సుంకం కట్టాలి. ఇలాంటి పన్ను ధనికుడి కన్నా పేదవాడికే ఎక్కువ భారం, ఎందుకంటే అతని సంపాదనంతా తిండికే పోతుంది. ఈ డబ్బుతో రోడ్లు, దీపాలు, పారిశుద్ధ్యం, కొన్ని బడులు నడిచేవి. ఆ సౌకర్యాలు ముందుగా ఏ పేటలకు చేరేవో ఊహించడం కష్టం కాదు.

ఆయన సభ్యుడైన ఏడాదే దక్కన్‌ను కరువు కమ్మింది. రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ ధాత కరువు పేరుతో చెప్పుకునే 1876-78 నాటి కరువు అదే. పల్లెలు ఖాళీ చేసి జనం పట్టణాలకు తరలివచ్చారు. సత్యశోధక్ సమాజ్ పూణే దగ్గర ధనకవడీలో అనాథ పిల్లలకు శిబిరం నడిపి అన్నం పెట్టింది. సావిత్రీబాయి ఆ పనిలో ముందున్నారు. కరువు ఉధృతంగా ఉన్న 1877 జనవరిలోనే వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో అట్టహాసంగా దర్బారు జరిపారు.

లిట్టన్ రాక, వెయ్యి రూపాయలు

ఈ నేపథ్యంలో లిట్టన్ పూణే సందర్శన ప్రస్తావన వచ్చింది. ఊరిని అలంకరించి స్వాగతం పలకడానికి వెయ్యి రూపాయలు మంజూరు చేయాలని మున్సిపాలిటీ అధ్యక్షుడు ప్రతిపాదించారు. 32 మంది నామినేటెడ్ సభ్యుల్లో ఫూలే ఒక్కరే వ్యతిరేకించారు. ఆ డబ్బు పేదపిల్లల చదువుకు ఖర్చు పెట్టాలన్నది ఆయన వాదన. తీర్మానం నెగ్గింది. లిట్టన్ అప్పటికే దేశభాషా పత్రికల నోరు నొక్కే 1878 చట్టం తెచ్చిన వైస్రాయ్. ఆయన స్వాగతానికి అడ్డు చెప్పడం సభ్యత్వం ఇచ్చిన ప్రభుత్వాన్నే ధిక్కరించడం.

ఫూలే జీవిత చరిత్రలన్నిటిలో ఈ సంఘటన ఉంటుంది. సాధారణంగా దీన్ని ధైర్యానికి ఉదాహరణగా చెబుతారు. అది నిజమే కానీ, బడ్జెట్ కోణం నుంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆయన ఖర్చు వద్దని ఊరుకోలేదు, ఆ సొమ్ము ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పారు. ఒక పద్దును కాదన్నప్పుడు దానికి బదులు ఏ పద్దు పెరగాలో సూచించడం బడ్జెట్ పరిశీలనలో మొదటి మెట్టు. అలంకరణకు తోరణాలు కట్టే డబ్బుతో ఎంతమంది పిల్లలు బడికి వెళ్తారన్న పోలిక అప్పుడు ఆ సభలో మరెవరికీ తోచలేదు, లేదా తోచినా చెప్పలేదు.

సారాయి లెక్క

1880లో ఆయన మరో విషయం మీద మున్సిపాలిటీకి లేఖ రాశారు. పూణేలో సారాయి దుకాణాలు పెరుగుతున్నాయి. ఎక్సైజు ఆదాయం ప్రభుత్వానికి వెళ్తుంది. తాగుడు వల్ల వచ్చే రోగాలు, కుటుంబాల పతనం, ఊరి ఆరోగ్యం మీద పడే భారం మాత్రం ఊరిదే. పౌరుల ఆరోగ్యం కోసం మున్సిపాలిటీ ఒకపక్క డబ్బు ఖర్చు పెడుతుంటే, ఇంకోపక్క ఆ ఆరోగ్యాన్ని పాడుచేసే దుకాణాలు తెరుచుకుంటున్నాయని ఆయన ఎత్తిచూపారు. దుకాణాలు చేసే నష్టానికి తగినట్టు వాటిపై పన్ను వేయాలని సూచించారు.

ఆదాయం ఒకరికి, దాని నష్టం మరొకరికి వెళ్లే పద్ధతి గురించి ఇవాళ ఆర్థికవేత్తలు చాలా మాట్లాడతారు. మద్యం ఆదాయం మీద రాష్ట్ర బడ్జెట్లు నిలబడటం, ఆ బరువు ఇళ్లల్లోని ఆడవాళ్లు మోయడం తెలుగు పాఠకులకు బాగా తెలిసిన కథ. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1990ల మొదట్లో ఆంధ్రప్రదేశ్ అంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం ఈ లెక్కనే వీధికి తెచ్చింది. దానికి వందేళ్లకు పైగా ముందు ఒక మున్సిపల్ సభ్యుడు ఇదే లెక్కను కౌన్సిల్ ముందు పెట్టారు.

మార్కెట్ భవనం

అప్పట్లో పూణే కూరగాయల సంత శనివార్ వాడా ముందు ఆరుబయట జరిగేది. దానికి బదులు ఒక పెద్ద మార్కెట్ భవనం కట్టాలని మున్సిపాలిటీ నిర్ణయించింది. ఎనిమిది కోణాల ప్రణాళిక, మధ్యలో గోపురం, గోథిక్ శైలి. ఫూలే, ఆయన సహచరుడు హరి రావ్‌జీ చిప్లూణ్‌కర్ ఆ ఖర్చును వ్యతిరేకించారు. ఈసారి కూడా వారి వాదన అదే: ముందు పేదల చదువుకు డబ్బు పెట్టండి.

ఫూలేకు కూరగాయల అంగడి పరాయిది కాదు. తండ్రి అమ్మినదే, తాను పెరిగినదే. ఊరి బయట తోట పండించే మాలీ రైతు బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తే నాకా దగ్గర సుంకం, అంగడిలో చోటుకు రుసుము, దళారికి వాటా పోగా ఏం మిగులుతుందో ఆయనకు తెలుసు. 1883లో పూర్తిచేసిన శేత్కర్యాచా అసూడ్ గ్రంథంలో, అంటే రైతు కొరడాలో, మున్సిపల్ సుంకాలు రైతును ఎలా పిండుతున్నాయో వివరంగా రాశారు. ఆ రైతు కట్టిన సుంకంతోనే మార్కెట్ భవనం లేస్తుంది, మళ్లీ ఆ భవనంలో చోటుకు అతనే అద్దె కట్టాలి. ఊరికి శుభ్రమైన సంత అవసరం లేదని దీని అర్థం కాదు. ఆరుబయట వానలో, బురదలో అమ్ముకోవడం కన్నా కప్పు కింద అమ్ముకోవడం మేలే. భవనానికి వాదించినవారి పక్షాన కూడా న్యాయం ఉంది. కానీ నగరానికి ఘనత తెచ్చే కట్టడానికి డబ్బు దొరికి, పిల్లల బడికి మాత్రం ఎప్పుడూ దొరకకపోవడం ఆయన్ను కలవరపెట్టింది.

మార్కెట్ కట్టారు. 1886లో తెరిచి, గవర్నర్ లార్డ్ రే పేరు పెట్టారు.

డబ్బు కౌన్సిల్‌ది, పెత్తనం కాదు

1882లో రెండు ముఖ్యమైన సంఘటనలు జరిగాయి. మే నెలలో వైస్రాయ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన మీద తీర్మానం తెచ్చారు. మున్సిపాలిటీల్లో, లోకల్ బోర్డుల్లో ఎన్నికైన సభ్యులు పెరగాలని అది చెప్పింది. భారతీయ విద్యావంతులు దాన్ని హర్షించారు. అదే ఏడాది విద్యపై హంటర్ కమిషన్ విచారణ జరిపింది. అక్టోబరులో ఫూలే దానికి వినతిపత్రం ఇచ్చారు.

ఆ పత్రం బడ్జెట్ పరిశీలనకు మంచి నమూనా. ప్రభుత్వ రాబడిలో అధిక భాగం రైతుల నుంచి వస్తోందని, ఆ సొమ్ము మాత్రం పైతరగతుల ఉన్నత విద్యకు పోతోందని ఆయన చూపించారు. బొంబాయి ప్రెసిడెన్సీ గ్రామాల్లో పదింట తొమ్మిదికి బడి వసతి లేదని చెప్పారు. కనీసం 12 ఏళ్ల వయసు దాకా ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలన్నారు. స్థానిక సెస్సు నిధుల్లో పెద్ద వాటా ప్రాథమిక విద్యకే కేటాయించాలన్నారు. ఉపాధ్యాయుల్లో రైతు కులాలవారు ఉండాలని, వారికి శిక్షణ, గౌరవంగా బతకగల జీతం కావాలని కోరారు. కులద్వేషం వల్ల మహార్, మాంగ్ పిల్లలు మామూలు బడుల్లో కూర్చోలేని చోట వారికి ప్రత్యేక బడులు పెట్టాలన్నారు. స్కాలర్‌షిప్‌లలో కొంత భాగం చదువులో వెనుకబడిన తరగతులకు ప్రత్యేకించాలన్నారు. పాఠ్యాంశాల్లో లెక్కలు, చరిత్ర, భూగోళంతోపాటు వ్యవసాయం, ఆరోగ్య సూత్రాలు ఉండాలన్నారు.

మున్సిపాలిటీల గురించి ఆయన అన్నది మరింత ఆసక్తికరం. పెద్ద పట్టణాల్లో ప్రాథమిక బడుల ఖర్చంతా మున్సిపాలిటీలే భరించాలి. కానీ ఆ బడుల నిర్వహణను పూర్తిగా వాటికి అప్పగించకూడదు, విద్యాశాఖ పర్యవేక్షణ ఉండాలి. ఆరేళ్లు కౌన్సిల్‌లో కూర్చున్న మనిషి అనుభవం ఈ షరతులో వినిపిస్తుంది. ఆ సభలో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో ఆయన చూశారు. స్థానిక అధికారం పెరిగితే దానంతట అదే సమానత్వం వస్తుందని ఆయన నమ్మలేదు. ఆస్తి, చదువు ఉన్నవారికే ఓటు ఉండే ఎన్నికల్లో అధికారం ప్రభుత్వ అధికారుల నుంచి ఊరి పెద్దల చేతికి మారుతుందే తప్ప, మహార్‌వాడ దాకా చేరదన్నది ఆయన అనుమానం.

ఈ వైఖరి మీద విమర్శలు వచ్చాయి. ఫూలే పరాయి ప్రభుత్వాన్ని నమ్మి స్వదేశీయులను అనుమానించారని జాతీయవాదులు తప్పుపట్టారు. ఆ విమర్శలో కొంత నిజముంది. ప్రభుత్వ పర్యవేక్షణ నిష్పాక్షికంగా ఉంటుందని ఆయన పెట్టుకున్న ఆశ చాలాసార్లు వమ్మయింది. శేత్కర్యాచా అసూడ్‌లో ఆయనే తెల్ల అధికారుల విలాసాలను, రైతు మీద వారు వేసే పన్నులను తూర్పారబట్టారు. అయినా ఆయన పెట్టిన ప్రశ్న మాత్రం నిలిచింది: కౌన్సిల్‌కు అధికారం ఇవ్వండి, కానీ అక్కడ మాట్లాడే అవకాశం లేనివారి వాటాకు హామీ ఎవరు?

చివరి రోజులు, చివరి అనుమతి

1882 తర్వాత ఆయన కౌన్సిల్‌లో లేరు. వ్యాపారం క్షీణించింది, అప్పులు పెరిగాయి. 1888 మార్చిలో డ్యూక్ ఆఫ్ కనాట్ గౌరవార్థం హరి రావ్‌జీ చిప్లూణ్‌కర్ ఇచ్చిన విందుకు ఫూలే రైతు వేషంలో వెళ్లారు. నగలతో మెరిసే ఆ అతిథులను చూసి దేశాన్ని అంచనా వేయవద్దని, అసలు జనం పల్లెల్లో ఉన్నారని, వారి పిల్లలకు చదువు చెప్పించమని విక్టోరియా రాణికి చేరవేయాలని డ్యూక్‌ను కోరారు. లిట్టన్ రోజుల నాటి మాటే, వేదిక మారింది. అదే ఏడాది మే 11న బొంబాయిలో జరిగిన సభలో జనం ఆయనకు మహాత్మా బిరుదు ఇచ్చారు. ఆ తర్వాత పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. చివరి గ్రంథం సార్వజనిక సత్యధర్మ పుస్తకాన్ని ఎడమచేత్తో రాసి ముగించారు.

1890 నవంబరు 28న ఆయన కన్నుమూశారు. తన దేహాన్ని దహనం చేయకుండా ఉప్పు కప్పి పూడ్చాలన్నది ఆయన కోరిక. ఇంటి దగ్గర గుంత కూడా సిద్ధంగా ఉంది. అది శ్మశాన స్థలం కాదు కాబట్టి మున్సిపల్ అధికారులు అనుమతి ఇవ్వలేదు. దహనమే చేయాల్సి వచ్చింది. దత్తపుత్రుడు యశ్వంత్‌కు ఉత్తరక్రియల హక్కు లేదని బంధువులు తగువు పెడితే సావిత్రీబాయి స్వయంగా నిప్పుకుండ పట్టుకుని శవయాత్ర ముందు నడిచారు. ఆమె 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే వ్యాధితో మరణించారు.

కౌన్సిల్‌కు మళ్లీ వచ్చిన పేరు

ఫూలే మరణించాక కూడా పూణే మున్సిపాలిటీకి ఆయనతో గొడవ తప్పలేదు. 1925లో కేశవరావ్ జేధే కౌన్సిల్‌లో ఫూలే విగ్రహం ప్రతిపాదించారు. తీవ్ర వ్యతిరేకత వచ్చింది, ప్రతిపాదన వీగిపోయింది. ఆ వేడిలో దినకరరావ్ జవళ్‌కర్ రాసిన దేశాచే దుష్మన్ పుస్తకం మీద కేసు పడితే, అప్పీలులో వాదించి జేధే, జవళ్‌కర్‌లను బయటపడేసిన న్యాయవాది అంబేడ్కర్. కొన్నేళ్ల తర్వాత ఆచార్య అత్రే మున్సిపల్ సభ్యుడిగా చొరవ తీసుకోవడంతో రే మార్కెట్ పేరు మహాత్మా ఫూలే మండయీగా మారింది. తాను వద్దన్న భవనమే ఆయన పేరు మోస్తోంది. నేటికీ అక్కడ కూరగాయలు అమ్ముతున్నారు.

ఫూలే అనుమానం ఎంత సరైనదో మహాడ్‌లో తేలింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, బడులు అంటరానివారికి తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహాడ్ మున్సిపాలిటీ తన చవదార్ చెరువును తెరుస్తున్నట్టు 1924లో తీర్మానించింది. కాగితం మీద హక్కు వచ్చింది, నీళ్లు రాలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలకే మున్సిపాలిటీ తన తీర్మానాన్ని రద్దు చేసుకుంది. స్థానిక సంస్థ తీర్మానం చేయగలదు, దాన్ని వెనక్కి తీసుకోనూ గలదు. అందుకే అంబేడ్కర్ సమాన హక్కును రాజ్యాంగంలో రాయించారు. బావులు, చెరువులు, రోడ్ల వినియోగంలో వివక్ష చూపరాదని 15వ అధికరణం స్పష్టంగా చెబుతుంది. తన గురువుల్లో ఒకరిగా ఫూలేను ఆయన చెప్పుకోవడం ఊరికే కాదు.

1992లో 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు ఎన్నికలను, దళితులకు, ఆదివాసీలకు, మహిళలకు సీట్లను తప్పనిసరి చేసింది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్సీ, ఎస్టీల జనాభాకు తగిన వాటాను బడ్జెట్‌లో కేటాయించేలా ఉపప్రణాళిక చట్టం చేసింది. ఫూలే కౌన్సిల్‌లో ఒంటరిగా అడిగినదానికి చట్టం రూపం వచ్చినట్టే. అయినా కేటాయించిన సొమ్ము మళ్లింపు మీద, ఖర్చుకాని నిధుల మీద ఫిర్యాదులు ఆగలేదు. పట్టణాల్లో స్వాగత తోరణాలకు, కూడళ్ల అలంకరణకు పద్దులు ఇప్పటికీ తేలిగ్గా నెగ్గుతాయి. వార్డు బడిలో మరుగుదొడ్డికి, చివరి పేటకు నీటి పైపుకు మాత్రం నిధుల కొరత గుర్తొస్తుంది. బడ్జెట్ సమావేశం రోజున ఆ రెండు పద్దులనూ పక్కపక్కన పెట్టి అడిగే సభ్యుడు ఒక్కడున్నా, ఓడిపోయినా, ఆ అభ్యంతరం మినిట్స్‌లో నమోదవుతుంది. 32 మందిలో ఒక్కడి మాట ఇంతకాలం మిగిలింది అలాగే.